సగటును విడదీసి చూడండి

నూరు కిలోల చెరకుకు ఎన్ని కిలోల చక్కెర వచ్చిందో చెప్పే రికవరీ తగ్గిందని కబురొచ్చిన రోజున చక్కెర ఫ్యాక్టరీలో అందరి వేళ్లూ పక్కవాడి వైపే తిరుగుతాయి. ల్యాబ్ వాళ్లు మిల్లు హౌస్‌ను అంటారు. మిల్లు హౌస్ వాళ్లు చెరకు విభాగాన్ని అంటారు. చెరకు విభాగం రైతును అంటుంది. రైతు వానను తిట్టుకుంటాడు. సాయంత్రానికి అందరూ అలిసిపోతారు, రికవరీ మాత్రం ఉన్నచోటే ఉంటుంది.

ఈ అధ్యాయంలో నేర్చుకోబోయేది ఆ గొడవను లెక్కలోకి మార్చే పద్ధతి. పెద్ద గణితం అక్కర్లేదు. కూడిక, తీసివేత, గుణకారం, భాగహారం వస్తే చాలు. కాగితం, పెన్సిలు, ఓపిక కావాలి.

ఉదాహరణగా చక్కెరను తీసుకోవడానికి కారణం ఉంది. నేనుండే ఉన్, సూరత్ నగరానికి దక్షిణపు కొస. ఒక పక్క సచిన్ పారిశ్రామికవాడ, ఇంకో పక్క భేస్తాన్, పాండేసరా మిల్లులు. ఇక్కడి తెలుగువాళ్లలో ఎక్కువమంది మగ్గాల మీదా బట్టల మిల్లుల్లోనూ పనిచేస్తున్నారు. కానీ ఊరు దాటి తూర్పుకు వెళితే పల్సాణా, చల్తాణ్, బార్డోలీ వైపంతా చెరకే. బార్డోలీలో 1955లో రిజిస్టరైన సహకార చక్కెర మండలి ఆసియాలోని పెద్ద సహకార ఫ్యాక్టరీల్లో ఒకటిగా పేరు తెచ్చుకుంది. అనకాపల్లి, ఉయ్యూరు, బోధన్ ప్రాంతాల నుంచి వచ్చినవాళ్లకు ఈ దృశ్యం కొత్త కాదు. చెరకు పొలంలో పుట్టి బస్తాలో చక్కెరగా చేరేదాకా ప్రతి అడుగులోనూ కొలవడానికి ఏదో ఒకటి ఉంటుంది, పోగొట్టుకోవడానికీ ఏదో ఒకటి ఉంటుంది. అందుకే నాణ్యత లెక్కలు నేర్చుకోవడానికి ఇంతకంటే మంచి బడి లేదు. మీరు పనిచేసేది అద్దకం మిల్లులోనైనా పాల డెయిరీలోనైనా ఇక్కడి పద్ధతి అక్కడా పనికొస్తుంది.

ఒక్క అంకెను నమ్ముకోకండి

చెరకు రసంలో కరిగి ఉన్న పదార్థం మొత్తాన్ని బ్రిక్స్ అంటారు. అందులో చక్కెర ఎంతో చెప్పేది పోల్. పోల్‌ను బ్రిక్స్‌తో భాగించి నూరుతో గుణిస్తే ప్యూరిటీ. పొలంలో చేతి రిఫ్రాక్టోమీటరు చూపించేది బ్రిక్స్ ఒక్కటే.

రెండు తోటల రసం తీశారనుకుందాం. రెండింటి బ్రిక్సూ 20. చూడ్డానికి రెండూ ఒకటే. కానీ ల్యాబులో చూస్తే మొదటిదాని పోల్ 18, రెండోదాని పోల్ 16. చేతికొచ్చే చక్కెర శాతాన్ని అంచనా వేయడానికి మన దేశంలో చెరకు పరిశోధనలో విరివిగా వాడే సూత్రం ఒకటుంది. పోల్‌ను 1.022తో గుణించి, దానిలోంచి బ్రిక్స్‌ను 0.292తో గుణించగా వచ్చింది తీసెయ్యాలి. మొదటి తోటకు 12.56 శాతం వస్తుంది. రెండోదానికి 10.51 శాతమే. నూరు కిలోల చెరకుకు రెండు కిలోల చక్కెర తేడా. రిఫ్రాక్టోమీటరు ఈ తేడాను పట్టుకోలేదు.

ఇంతకంటే పెద్ద చిక్కు నిలవ చెరకుతో వస్తుంది. కోసిన గడ ఎండలో పడి ఉంటే నీరు ఆవిరైపోతుంది. లోపలి చక్కెర విరిగి గ్లూకోజు, ఫ్రక్టోజుగా మారుతుంది. నీరు తగ్గడం వల్ల బ్రిక్స్ పెరిగినట్టు కూడా కనిపించొచ్చు. గడ పాడవుతున్నకొద్దీ అంకె మెరుగవుతుందన్నమాట. ఏ పనిలోనైనా ఇలాంటి అంకె ఒకటి ఉంటుంది. తేలిగ్గా దొరుకుతుంది, చూడ్డానికి బాగుంటుంది, అసలు సంగతి చెప్పదు. మీ పనిలో అదేదో ముందు గుర్తించండి. దాని పక్కన రెండో అంకెను నిలబెట్టండి.

ఆ అంకె ఎక్కడిదో అడగండి

బార్డోలీ పేరు చెప్పగానే 1928 నాటి సత్యాగ్రహం, సర్దార్ పటేల్ గుర్తొస్తారు. ఆ పోరాటం ఒక లెక్క మీద జరిగిందన్న సంగతి తక్కువమందికి తెలుసు. బొంబాయి ప్రభుత్వం అక్కడి భూమిశిస్తును సుమారు 22 శాతం పెంచింది. ఆ పెంపుకు ఆధారంగా చూపింది ముఖ్యంగా కౌలు లెక్కలు. ఉద్యమం తర్వాత బ్రూమ్‌ఫీల్డ్, మాక్స్‌వెల్ అనే ఇద్దరు అధికారులతో విచారణ వేశారు. రైతుల తరఫున మహాదేవ్ దేశాయ్, నరహరి పరీఖ్ లాంటివాళ్లు గ్రామాల లెక్కలను దగ్గర పెట్టుకుని వాదించారు. కౌలు అంకెలను సరిగా పరిశీలించకుండానే వాడారని తేలింది. సమంజసమైన పెంపు 6.03 శాతమేనని విచారణ చెప్పింది. లెక్కకట్టడంలో తప్పు లేకపోయినా, లెక్కలోకి వచ్చిన అంకె తప్పయితే ఫలితం ఎంత అన్యాయంగా ఉంటుందో ఇదే నేల చూపించింది.

ల్యాబులోనూ ఇదే జరుగుతుంది. దక్షిణ గుజరాత్‌లో చెరకును కోతకు ముందు కాల్చడం మామూలు. కాల్చిన గడ, ముక్కలైన గడ త్వరగా పాడవుతాయి. ల్యూకోనోస్టాక్ అనే బ్యాక్టీరియా చేరి డెక్స్‌ట్రాన్ అనే జిగురు పదార్థాన్ని తయారు చేస్తుంది. చక్కెర కాంతిని ఎటు తిప్పుతుందో డెక్స్‌ట్రాన్ కూడా అటే తిప్పుతుంది, దాదాపు మూడు రెట్లు బలంగా. కాబట్టి కాంతి తిరుగుడును బట్టి పోల్ కొలిచే పోలారిమీటరు, లేని చక్కెరను ఉన్నట్టు చూపిస్తుంది. గేటు దగ్గర పోల్ బాగుంది, చివర్లో బస్తాలు తగ్గాయి. అప్పుడు నింద మధ్యలో ఉన్న బాయిలింగ్ హౌస్ మీద పడుతుంది. నిజానికి ఆ చక్కెర ఫ్యాక్టరీలోకి రానేలేదు.

అందుకని రిజిస్టరులో ప్రతి అంకె పక్కన నాలుగు విషయాలు రాసే అలవాటు చేసుకోండి: ఎవరు కొలిచారు, ఏ గంటలో, ఏ పరికరంతో, ఆ పరికరాన్ని చివరిసారి ఎప్పుడు సరిచూశారు. సగం వాదనలు ఈ నాలుగు గడుల దగ్గరే తేలిపోతాయి.

నమూనా నిజాయితీగా తీయండి

అన్నం ఉడికిందో లేదో ఒక్క మెతుకు పట్టుకుని చెబుతాం. గిన్నెలో నీళ్లు అన్నిటినీ ఒకేలా ఉడికించాయి కాబట్టి అది చెల్లుతుంది. చెరకు బండిని ఎవరూ కలియబెట్టరు. పైన పరిచిన గడలు ఒక మడివి, అడుగున ఉన్నవి ఇంకో మడివి కావచ్చు. ఒకే గడలో కూడా మొదలు దగ్గర తీపి ఎక్కువ, మొవ్వు దగ్గర తక్కువ. ఆ రెండు చోట్ల బ్రిక్స్ దగ్గరదగ్గరగా వచ్చాయంటేనే తోట పక్వానికి వచ్చినట్టు.

నమూనా తీసే మనిషి చెయ్యి తనకు తెలియకుండానే నిగనిగలాడే గడ మీదికి పోతుంది. దాన్ని ఆపడానికి దారి ఒక్కటే, ఎంపికను అదృష్టానికి వదిలెయ్యడం. బండ్లకు వరుస సంఖ్యలు వేయండి. చీటీలు తీసి ఏ బండిలో చూడాలో తేల్చండి. ఆ బండిలో పైన, నడుమ, అడుగున కొన్నేసి గడలు తీయండి. మొవ్వులు, చెత్త, మట్టి విడిగా తూచండి. వాటిని తీసేసిన తర్వాత వచ్చే తూకమే అసలు తూకం.

‘మాకు అన్ని నమూనాలు తీసే తీరిక లేదు’ అంటారా? డబ్లిన్‌లోని గిన్నెస్ బ్రూవరీలో పనిచేసే విలియం గాసెట్‌కూ ఇదే ఇబ్బంది ఉండేది. ఉన్న కొద్ది నమూనాలతోనే ఎంత గట్టిగా మాట్లాడొచ్చో ఆలోచించి, 1908లో ‘స్టూడెంట్’ అనే మారుపేరుతో ఒక వ్యాసం ప్రచురించాడు. ఈనాడు ప్రపంచమంతా వాడే టీ-పరీక్ష అందులోంచే వచ్చింది. ఫ్యాక్టరీ ఉద్యోగి తన రోజువారీ చిక్కును విప్పుకుంటూ శాస్త్రానికి చేసిన మేలు అది. కొద్ది నమూనాలైనా ఫరవాలేదు, పక్షపాతం లేకుండా తీస్తే చాలు.

సగటును ముక్కలు చేయండి

ఈ అధ్యాయానికి ఆయువుపట్టు ఇది. కాగితం మీద చేసి చూడండి.

పోయిన వారం నూరు బండ్లు వచ్చాయనుకుందాం. కోసిన ఇరవైనాలుగు గంటల్లోపు వచ్చిన తాజా బండ్లు 70, వాటి రికవరీ అంచనా 11.0. ఆలస్యంగా వచ్చినవి 30, వాటిది 9.5. మొత్తం సగటు 10.55.

ఈ వారం కూడా నూరు బండ్లే. తాజావి 40, రికవరీ 11.1. ఆలస్యంగా వచ్చినవి 60, రికవరీ 9.6. మొత్తం సగటు 10.20.

సగటు పడిపోయింది. పై అధికారి కోప్పడతాడు. కానీ విడదీసి చూస్తే తాజా చెరకూ మెరుగుపడింది, నిలవ చెరకూ మెరుగుపడింది. దిగజారింది వాటి పాళ్లు మాత్రమే. మిల్లు రోలర్లను సరిచేసినా, రైతుకు ఎరువుల మీద ఉపన్యాసం ఇచ్చినా ఈ జబ్బు నయం కాదు. కోత ఆర్డర్లకూ లారీలకూ పొంతన కుదర్చాలి. ఈ ప్రాంతంలో కోతకూ రవాణాకూ ఏర్పాట్లు చూసేది సాధారణంగా సహకార ఫ్యాక్టరీలే కాబట్టి ఆ పని ఫ్యాక్టరీ చేతిలోనే ఉంది.

ఎలా విడదీయాలి? చెరకులో ముందు చూడాల్సిన గీతలు ఇవి: మొక్కతోటా, కార్శితోటా, ఏ రకం, ఏ నెలలో నాటారు, కాల్చినదా, పచ్చిదా, కోతకూ క్రషింగుకూ మధ్య ఎన్ని గంటలు, ఏ షిఫ్టు. ఒక్కసారి ఒక్క గీతతోనే విడదీయండి. రెండు కుప్పల మధ్య తేడా పెద్దగా కనబడితే అక్కడ ఆగి తవ్వండి. కనబడకపోతే ఆ గీతను వదిలేసి తర్వాతిది పట్టుకోండి.

మామూలు ఊగిసలాటకు కంగారుపడకండి

ఏ అంకె అయినా రోజూ కొంచెం ఊగుతుంది. ఏ ఊగు మామూలుదో, ఏది ప్రమాదసూచనో తెలియకపోతే రోజుకొక కారణం కనిపెడుతూ ఉంటాం. దీనికి మందు కనిపెట్టినవాడు అమెరికాలో బెల్ టెలిఫోన్ సంస్థకు పనిచేసిన వాల్టర్ షూహార్ట్. 1924లో ఆయన గీసిన కంట్రోల్ చార్టే నాణ్యతా శాస్త్రానికి పునాది. ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్ స్థాపించిన మహలనోబిస్ ఆహ్వానం మీద ఆయన 1947-48లో భారతదేశానికి వచ్చాడు. ఆ తర్వాత ఆ ఇన్‌స్టిట్యూట్ మన పరిశ్రమలకు ఈ పద్ధతిని నేర్పింది.

చార్టు గీయడం ఇలా. పిప్పిలో మిగిలిపోయిన పోల్‌ను షిఫ్టుకొకసారి రాస్తున్నారనుకుందాం. అంకెలు: 2.0, 2.2, 1.9, 2.1, 2.0, 2.3, 2.1, 2.0. సగటు 2.075. ఇప్పుడు పక్కపక్క అంకెల తేడాలు రాయండి: 0.2, 0.3, 0.2, 0.1, 0.3, 0.2, 0.1. ఈ తేడాల సగటు 0.2. దాన్ని 2.66తో గుణిస్తే 0.53. ఆ 0.53ను సగటుకు కలిపితే పై గీత 2.61, తీసేస్తే కింది గీత 1.54. ఎనిమిది అంకెలు నేర్చుకోవడానికి చాలు. నిజంగా వాడేటప్పుడు ఇరవైకి తక్కువ కాకుండా తీసుకోండి.

రేపు 2.4 వచ్చిందనుకోండి. గీతల మధ్యే ఉంది. షిఫ్టు ఇంజినీరును పిలిచి సంజాయిషీ అడగాల్సిన పని లేదు. 2.8 వచ్చిందా, వెంటనే కదలండి. రోలర్ల మధ్య సందు, పిప్పి మీద పోసే నీళ్లు, క్రషింగ్ వేగం వరసగా చూడండి. ఇంకో గుర్తు కూడా ఉంది. గీతలు దాటకపోయినా వరసగా ఎనిమిది అంకెలు సగటుకు ఒకే పక్కన పడితే ఏదో మారిందని అర్థం.

ఈ చార్టు మనిషికిచ్చే మేలు చాలా పెద్దది. అనవసరమైన మాట పడాల్సిన రోజులు తగ్గుతాయి. అవసరమైన రోజున చురుకు పెరుగుతుంది.

కారణానికి బరువు కట్టండి

ఒకేసారి నాలుగైదు కారణాలు పనిచేస్తుంటే దేని వాటా ఎంతో ఎలా తేల్చాలి? ఈ విద్యలో చక్కెర దుంప పరిశ్రమ మనకు దారి చూపింది.

దుంపలో ఉన్నది చెరకు చక్కెరే అని 1747లో బెర్లిన్‌లో మార్గ్‌గ్రాఫ్ కనుగొన్నాడు. ఆయన శిష్యుడు అచర్డ్ 1801లో సైలీసియాలో మొదటి దుంప చక్కెర ఫ్యాక్టరీ పెట్టాడు. ఫ్రాన్స్‌లో విల్మోరిన్ ఒక్కొక్క తల్లి దుంపను దాని సంతానంలోని చక్కెరను బట్టి తూచి విత్తనం ఎంచాడు. తరతరాల కొలతతో, ఎంపికతో ఆ దుంప ఇవాళ చెరకుతో పోటీపడే స్థాయికి వచ్చింది. అయితే దుంపలో చక్కెర ఉన్నంత మాత్రాన అదంతా బస్తాలోకి రాదు. పొటాషియం, సోడియం, అమైనో నత్రజని ఉన్నకొద్దీ చక్కెర గడ్డకట్టకుండా మొలాసిస్‌లోకి జారిపోతుంది.

ఎంత జారుతుందో చెప్పడానికి జర్మనీలోని బ్రౌన్‌ష్వైగ్ పరిశోధకులు 1974లో ఒక సూత్రం ఇచ్చారు. 1990ల్లో దాన్ని సవరించారు. నూరు గ్రాముల దుంపలో పొటాషియం, సోడియం రెండూ కలిపి ఎన్ని మిల్లీమోల్‌లో చూసి 0.12తో గుణించాలి. అమైనో నత్రజనిని 0.24తో గుణించాలి. రెండూ కలిపి 0.48 చేర్చాలి. పొటాషియం 4, సోడియం 0.5, నత్రజని 1.5 అయితే మొలాసిస్ నష్టం 1.38 శాతం. మిగతావి అలాగే ఉండి నత్రజని 3 అయితే 1.74 శాతం. ఆ గుణకాలు ఎన్నో నమూనాల కొలతలను రిగ్రెషన్ అనే పద్ధతితో జల్లించగా వచ్చినవి. యూరియా ఎక్కువ చల్లితే దుంప బరువెక్కుతుంది, చేతికొచ్చే చక్కెర తగ్గుతుంది. ఎంత తగ్గుతుందో అంకెలో చెప్పగలిగారు కాబట్టి రైతుతో మాట్లాడటం సాధ్యమైంది. చెరకులోనూ ఆలస్యంగా వేసిన నత్రజని రసం నాణ్యతను దెబ్బతీస్తుంది. రైతుకు ‘యూరియా తగ్గించు’ అని చెప్పడం కన్నా, అతని ఊళ్లోనే రెండు మడుల రసం ఫలితాలు పక్కపక్కన చూపించడం మేలు.

ఒక జాగ్రత్త. రెండు విషయాలు కలిసి నడిచినంత మాత్రాన ఒకటి రెండోదానికి కారణమని అనకండి. రాత్రి షిఫ్టులో ప్యూరిటీ ఎప్పుడూ తక్కువే అని లెక్క చూపిస్తుందనుకుందాం. రాత్రివాళ్లు నిద్రమత్తులో ఉన్నారనడం తేలిక. పగలంతా యార్డులో ఎండిన బండ్లే రాత్రికి మిల్లెక్కుతుండవచ్చు. తేల్చుకోవాలంటే ఏ బండ్లు ఏ షిఫ్టుకు వెళ్లాలో కొన్నాళ్లు నాణెం ఎగరేసి నిర్ణయించండి. అప్పుడు షిఫ్టుల మధ్య తేడా మాయమైతే తప్పు యార్డుది. మిగిలితే షిఫ్టులో వెతకండి. ఇంగ్లండ్‌లోని రోథమ్‌స్టెడ్ పొలాల్లో సాంఖ్యక శాస్త్రవేత్త ఫిషర్ ప్రపంచానికి నేర్పిన పాఠం ఇదే.

ఈ విద్య మనకు పరాయిది కాదు. తెలుగు కుటుంబంలో పుట్టి, గూడూరు, నూజివీడు, నందిగామల్లో చదివి, ఆంధ్ర విశ్వవిద్యాలయంలో గణితం పూర్తిచేసిన కల్యంపూడి రాధాకృష్ణారావు ఉద్యోగం వెతుక్కుంటూ కలకత్తా వెళ్లి సాంఖ్యక శాస్త్రం చదువులో చేరారు. 1945లో, పాతికేళ్ల వయసులో ఆయన రాసిన పత్రం ఈ శాస్త్రానికి మూలస్తంభాల్లో ఒకటి. 102 ఏళ్ల వయసులో, 2023లో, అంతర్జాతీయ సాంఖ్యక బహుమతి అందుకున్నారు. అనకాపల్లిలో 1913లో మొదలైన చెరకు పరిశోధన కేంద్రంలో రకాలను పోల్చేదీ ఈ లెక్కలతోనే.

అంకె న్యాయం కోసమే

కేంద్రం 2025-26 సీజనుకు చెరకు కనీస ధరను 10.25 శాతం రికవరీకి క్వింటాలుకు 355 రూపాయలుగా నిర్ణయించింది. ఆపైన ప్రతి 0.1 శాతానికీ 3.46 రూపాయలు అదనం. రికవరీ అర శాతం పెరిగితే క్వింటాలుకు 17 రూపాయల 30 పైసలు ఎక్కువ వస్తాయి. టన్నుకు 173 రూపాయలు. ఈ లెక్క ఫ్యాక్టరీ మొత్తం సగటు మీద నడుస్తుంది. జాగ్రత్తగా పండించిన రైతు కష్టం ఆ సగటులో కలిసిపోతుంది. ఎవరి చెరకు ఎలా ఉందో విడిగా కొలిచి చెప్పడం ఆ రైతుకు మనమిచ్చే కనీస గౌరవం.

డాంగ్ నుంచి, ఖాందేశ్ నుంచి కుటుంబాలతో వచ్చి పొలాల పక్కన పాకల్లో ఉంటూ చెరకు కోసేవాళ్లనూ మరవకండి. కోసిన గడ యార్డులో ఎండిపోతే వాళ్ల చెమట కూడా వృథా అవుతుంది. లెక్కలను కూలీని దండించడానికి వాడితే మర్నాటి నుంచి మీ రిజిస్టరులోకి అబద్ధాలు వస్తాయి. భయపడినవాడు అంకెను దిద్దుతాడు. నమ్మకం ఉన్నవాడే ఉన్నది ఉన్నట్టు రాస్తాడు.

ఈ వారమే మొదలుపెట్టండి

1. మీ పనిలో నాణ్యతను చూపించే అంకె ఒక్కటి ఎంచుకోండి. దాన్ని మోసం చేయగల పరిస్థితి ఏదో రాసుకోండి.

2. ఆ అంకె పక్కన మనిషి, గంట, పరికరం, సరిచూసిన తేదీ అనే నాలుగు గడులు గీయండి.

3. నమూనాలను చీటీలతో ఎంచండి. మీ చేతికి ఎంపిక వదలకండి.

4. ఇరవై అంకెలు పోగయ్యాక సగటు, పక్క తేడాల సగటు కట్టి రెండు గీతలూ గీయండి. అప్పటిదాకా దేన్నీ మార్చకండి.

5. సగటును ఒక గీతతో రెండు కుప్పలు చేయండి. తేడా పెద్దదైతే కారణాన్ని ఊహించి, చిన్న పరీక్ష పెట్టి తేల్చుకోండి.

6. ఒక్క మార్పు చేయండి. మళ్లీ ఇరవై అంకెలు రాయండి. కొత్త అంకెలు పాత సగటుకు మంచి పక్కనే వరసగా పడుతుంటే ఆ మార్పును పద్ధతిగా మార్చండి. లేకపోతే వెనక్కి తీసుకుని రెండోది ప్రయత్నించండి.

7. చార్టును ఆఫీసు బీరువాలో దాచకండి. కాటా దగ్గర గోడకు అంటించండి. బండి తోలేవాడికీ, గడ కోసేవాడికీ, రైతుకీ అర్థమయ్యే భాషలో దాని కింద రెండు వాక్యాలు రాయండి. వాళ్లు అడిగే మొదటి ప్రశ్నను అదే రిజిస్టరులో రాసుకోండి. మీ తర్వాతి పరీక్ష ఆ ప్రశ్న మీదే పెట్టండి.